లొబనోవ్‌స్కీ కోచ్‌గా ఉంటే ఆటగాడు లొబనోవ్‌స్కీకి జట్టులో చోటుండేదా?

కార్నర్‌జెండా · 1

వలేరీ లొబనోవ్‌స్కీ గురించి ఇక్కడ నాలుగైదు థ్రెడ్‌లలో ముక్కలు ముక్కలుగా మాట్లాడుకున్నాం. అన్నీ ఒకచోట పెడదామని ఇది మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: 1939 జనవరి 6న కీవ్‌లో పుట్టాడు. డైనమో కీవ్ క్లబ్‌కు ఎడమ వింగర్ (మైదానం అంచు వెంట దాడి చేసేవాడు). 1961లో ఆ జట్టు సోవియట్ ఛాంపియన్ అయింది. మాస్కో బయటి జట్టు ఆ టైటిల్ కొట్టడం అదే మొదటిసారి. 1964లో సోవియట్ కప్ కూడా వచ్చింది. ఆ వెంటనే కోచ్ విక్తోర్ మాస్లోవ్‌తో పొసగక ఒడెస్సాలో చెర్నోమోరెట్స్‌కు, అక్కడి నుంచి దొనెత్స్క్‌లో షఖ్తార్‌కు వెళ్లాడు. 29 ఏళ్లకే బూట్లు అటకెక్కించేశాడు. టాప్ లీగ్ లెక్క 253 మ్యాచ్‌లు, 71 గోల్స్. జాతీయ జట్టుకు ఆడింది రెండే మ్యాచ్‌లు.

అదే మనిషి కోచ్‌గా 8 సోవియట్ లీగ్ టైటిళ్లు, 6 సోవియట్ కప్‌లు, రెండు కప్ విన్నర్స్ కప్‌లు (యూరప్ దేశాల కప్ విజేతల పోటీ), ఆపై స్వతంత్ర ఉక్రెయిన్‌లో వరసగా 5 లీగ్ టైటిళ్లు గెలిచాడు.

నా ప్రశ్న థ్రెడ్ టైటిల్‌లోనే ఉంది. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఒంటరిగా ఆడే వింగర్ అతను. కోచ్ అయ్యాక సరిగ్గా అలాంటి ఆటనే తుడిచిపెట్టాడు. తన జట్టులో తనకు చోటిచ్చేవాడా?

గాలితగ్గినబంతి · 2

ఇచ్చేవాడు కాదు. అయిపోయింది, థ్రెడ్ మూసేయండి.

ఎడమకాలు · 3

అంత తొందరెందుకు గురూ. ముందు ఆయన ఏం ఆడేవాడో చూద్దాం.

అతని పేరు మోగింది కార్నర్ కిక్‌ల వల్ల. రష్యన్‌లో ఆ దెబ్బను ‘ఎండుటాకు’ అంటారు. చెట్టు నుంచి రాలే ఆకు ఊగుతూ ఊగుతూ ఉన్నట్టుండి దిగిపోయినట్టు బంతి చివర్లో వంగి పడుతుంది. ఈ దెబ్బ మొదట బ్రెజిల్ దిదీ ఫ్రీ కిక్‌లది. లొబనోవ్‌స్కీ దాన్ని కార్నర్ జెండా దగ్గరికి తెచ్చాడు.

మైదానం వెడల్పు 68 మీటర్లు అనుకోండి, గోల్ వెడల్పు 7.32. అంటే కార్నర్ నుంచి దగ్గరి పోస్టుకు 30 మీటర్ల పైచిలుకు. కుడివైపు కార్నర్ నుంచి ఎడమకాలితో కొడుతున్నప్పుడు పాదం లోపలి అంచు బంతి ఎడమ పక్కన, నడిమి కన్నా కాస్త కింద తగలాలి. బంతి తిరుగుతూ లేస్తుంది, కుడికి, అంటే గోల్ గీత వైపుకి వంగుతుంది. మొదట మైదానం లోపలికి పోతున్నట్టు కనిపించి, వేగం తగ్గేకొద్దీ తిరుగుడు పైచేయి అయి గోల్‌లోకి మళ్లుతుంది. గోల్‌కీపర్‌ను మోసం చేసేది ఆ చివరి పది మీటర్లే. ముందుకు అడుగేశాడా, బంతి వెనకనుంచి పోతుంది. గీత మీదే ఆగాడా, ముందు ఎవడో తల పెడతాడు.

తప్పేది ఎక్కడంటే: బలంగా కొడితే వంపు తిరగడానికి సమయం చాలదు, బంతి నేరుగా అవతలి పక్కకు పోతుంది. మెత్తగా కొడితే దగ్గరి పోస్టు దగ్గరున్న డిఫెండర్ తల మీద పడుతుంది. వాన పడిందంటే ఇంకా కష్టం. అప్పటి తోలు బంతి నీళ్లు పీల్చి బరువెక్కేది, వంపు తగ్గిపోయేది. అందుకే వందలసార్లు కొట్టి చేయి తిరగాలి, సారీ, కాలు తిరగాలి.

ఇక్కడ అసలు సంగతి ఒలెగ్ బాజిలెవిచ్. అవతలి వింగ్‌లో ఆడేవాడు. కార్నర్ పడేటప్పుడు దగ్గరి పోస్టుకు పరిగెత్తి కీపర్ కళ్లనీ డిఫెండర్ కాళ్లనీ తనవైపు లాగేవాడు. ఒకడు కొడతాడు, ఇంకొకడు బంతి తాకకుండానే పని చేస్తాడు. దీన్ని ఒంటరి ఆట అనగలమా?

మధ్యరేఖ · 4

ఎడమకాలు గారి పాయింటు బాగుంది కానీ కార్నర్ వేరు, మిగతా 89 నిమిషాలు వేరు.

మాస్లోవ్ 1964లో కీవ్‌కు వచ్చాడు. వింగర్లను తగ్గించి మిడ్‌ఫీల్డ్‌లో మనుషుల్ని పెంచాడు, మనిషికి మనిషి కాపలా బదులు జోన్ (ఒక్కొక్కరు మైదానంలో తమ చోటును కాయడం) పెట్టాడు, బంతి పోగానే అందరూ కలిసి మీద పడడం నేర్పాడు. ఇప్పుడు 4-4-2 (వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు) అని తేలిగ్గా అనేస్తాం, అప్పటికి అది కొత్త. గీత పక్కన బంతి కోసం ఎదురుచూసే వింగర్‌కు అందులో చోటు లేదు. లొబనోవ్‌స్కీ వెళ్లిపోయాడు. మాస్లోవ్ 1966, 67, 68 మూడేళ్లూ వరసగా లీగ్ గెలిచాడు.

కోచ్ అయ్యాక లొబనోవ్‌స్కీ ఎవరి బాట పట్టాడు? తనను బయటకు పంపిన మాస్లోవ్ బాటే. జోన్, ప్రెసింగ్ (ఆ కలిసి మీద పడడమే), అందరూ అన్ని పనులూ చేయడం. దాని మీద లెక్కలు పేర్చాడు, అంతే తేడా. కాబట్టి టైటిల్ ప్రశ్నకు నా జవాబు: 1964 నాటి ఆటగాడికి 1974 నాటి కోచ్ చోటిచ్చేవాడు కాదు.

కార్నర్‌జెండా · 5

ఆ ‘లెక్కలు’ అన్న మాటే నాకు ఎప్పుడూ పొగమంచులా ఉంటుంది. కంప్యూటర్, సైన్స్ అని అందరూ అంటారు. రోజువారీగా ఏం చేసేవాళ్లో ఎవరైనా చెప్పండి.

పాతస్కోర్‌కార్డు · 6

ద్నీప్రో దగ్గర మొదలుపెట్టాలి. 1968 చివర్లో, ముప్పై నిండకుండానే, ద్నెప్రొపెత్రోవ్‌స్క్ జట్టు చేతికొచ్చింది. అప్పుడది టాప్ లీగ్‌లో లేదు. 1971లో పైకి తెచ్చాడు, 1972లో టాప్ లీగ్‌లో ఆరో స్థానం. కొత్తగా వచ్చిన జట్టుకు అది పెద్ద మాటే.

అనతోలీ జెలెన్‌త్సోవ్ అతనికి దొరికింది ఆ ఊళ్లోనే. క్రీడాశాస్త్రం, శరీరశక్తి లెక్కలు చూసే మనిషి. లొబనోవ్‌స్కీ చదివిందేమో పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్. ఇద్దరికీ బాగా కుదిరింది. వాళ్ల చూపులో మ్యాచ్ అంటే 22 భాగాల యంత్రం. పదకొండేసి భాగాల రెండు ఉపవ్యవస్థలు కొన్ని నియమాల లోపల ఢీకొంటాయి. రెండూ సమానమైతే డ్రా. ఒక ఉపవ్యవస్థ బలం దాని భాగాల బలాలను కూడితే వచ్చేది కాదు, భాగాల మధ్య ఉన్న లంకెల మీద ఆధారపడుతుంది. అందుకే ‘కోలిషన్’ అన్నమాట వాళ్ల దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే ముందే నేర్చిన కదలిక అది.

1974 నుంచి కీవ్‌లో పని పంచుకున్న తీరు ఇది. ఆట నమూనా లొబనోవ్‌స్కీది. శిక్షణ బాజిలెవిచ్‌ది (అవును, అదే కార్నర్ బాజిలెవిచ్, ఇద్దరూ సమాన హోదా కోచ్‌లు). ఒక్కో ఆటగాడిని తయారుచేయడం జెలెన్‌త్సోవ్ పని. మిహైలో ఒషెమ్‌కోవ్ అనే ఆయన మ్యాచ్ అంకెలు పోగేసేవాడు.

అంకెలు అంటే గోల్స్, షాట్లు కాదు. ఒక్కో ఆటగాడు ఎన్నిసార్లు బంతి పట్టాడు, ఎన్ని పాస్‌లు ముందుకు, ఎన్ని పక్కకు, ఎన్ని వెనక్కి, ఎన్ని గాల్లో గెలిచాడు, ఎన్ని లాక్కున్నాడు, ఎన్ని పోగొట్టుకున్నాడు. రష్యన్‌లో వీటిని ‘సాంకేతిక-వ్యూహ చర్యలు’ అంటారు. మ్యాచ్ మర్నాడు ఆ కాగితం గోడ మీద కనిపించేది. తప్పుల శాతం మీద జెలెన్‌త్సోవ్‌కు ఒక సూత్రం ఉండేది: మొత్తం చర్యల్లో తప్పులు 15–18 శాతం దాటని జట్టును ఓడించలేరు అని.

కంప్యూటర్ పరీక్షలంటే ఆటగాడి స్పందన వేగం, తెర మీద మెరిసి మాయమైన అంకెలనో చుక్క నడిచిన దారినో గుర్తుపెట్టుకోవడం లాంటివి. బంతి లేకుండా మిగతా పదిమంది ఎక్కడున్నారో తలలో పెట్టుకోగలడా అన్నది వాళ్లకు కావలసిన సంగతి.

గాలితగ్గినబంతి · 7

ఆ కాగితం గోడ మీద ఉంటే ఆఫీసులో హాజరుపట్టీ గుర్తొస్తోంది. సృజన ఎక్కడుంది ఇందులో?

మధ్యరేఖ · 8

సృజన ఎక్కడో చివర్లో ఎడమకాలు గారు చెబుతారులెండి, 1986 కప్ విన్నర్స్ కప్ ఫైనల్ ఆయన చేతిలోనే ఉంది. నేను ప్రెసింగ్ గురించి చెబుతా, ఇక్కడ చాలామంది దీన్ని ‘అందరూ పరిగెత్తడం’ అనుకుంటున్నారు.

వాళ్ల దగ్గర మూడు రకాలు. పూర్తి ప్రెసింగ్: ఎదుటి జట్టు సగంలోనే, వాళ్ల పెనాల్టీ బాక్స్ దగ్గరే మీద పడడం. సగం ప్రెసింగ్: మధ్యగీత దాటనిచ్చి, ఆ తర్వాత మూసేయడం. మూడోదే తమాషా, దొంగ ప్రెసింగ్. ఒక్కడు మాత్రం బంతి ఉన్నవాడి మీదికి ఒంటికాలి మీద లేస్తాడు, మిగతావాళ్లు తమ చోట్లకు సర్దుకుని ఊపిరి పీల్చుకుంటారు. అంతకుముందు రెండుసార్లు నిజంగా పదిమంది మీద పడ్డ అనుభవం ఉంది కాబట్టి బంతి ఉన్నవాడు తొందరపడి ఎక్కడికో కొట్టేస్తాడు. ఒకడి శ్రమతో బంతి తిరిగొస్తుంది.

ఎందుకు మూడు? 90 నిమిషాలు పూర్తి ప్రెసింగ్ ఎవడివల్లా కాదు. మొదటి పావుగంట పూర్తిగా, గోల్ వచ్చాక సగం, మధ్యలో దొంగది, మళ్లీ పూర్తిగా. గేరు మార్చినట్టు. ఎదుటివాళ్లు ఒక దానికి అలవాటు పడేసరికి ఇంకోటి.

ఎక్కడ చెడుతుంది: ముందరి ఇద్దరు మీద పడి వెనక నలుగురు పైకి రాకపోతే మధ్యలో 40 మీటర్ల పొలం ఖాళీగా పడి ఉంటుంది, ఒక్క పాస్‌తో జట్టు రెండు ముక్కలు. ఒక్కడు అర సెకను ఆలస్యమైనా అంతే. అందుకే శరీర దారుఢ్యం మీద అంత మొండిపట్టు. రోజుకు మూడు పూటల శిక్షణ, కొండ ఎక్కుతూ పరుగులు, ఆటగాళ్లు వాంతులు చేసుకున్న కథలు అన్నీ ఇందుకే. లొబనోవ్‌స్కీ చివరి రోజుల్లో కూడా ఆ కొండ అలాగే ఉంది, 1990ల చివరి స్ట్రైకర్ షెవ్‌చెంకో తరం కూడా ఎక్కింది.

గాలితగ్గినబంతి · 9

ప్రెసింగ్ బాగుంది. మరి బయటి ఊళ్లలో గుడ్డు పెట్టే కోడిలా కూర్చుని డ్రాలు చేసుకోవడం సంగతేంటి? దాన్నీ సైన్స్ అంటారా?

లెక్కలపుస్తకం · 10

అంటారు. లెక్క చూడండి.

అప్పట్లో గెలుపుకు 2 పాయింట్లు, డ్రాకు 1. 16 జట్లు, 30 మ్యాచ్‌లు. సొంత ఊళ్లో 15 గెలిస్తే 30, బయట 15 డ్రా చేస్తే 15. మొత్తం 45. దాదాపు ఏ ఏడాదైనా ఆ పాయింట్లతో టైటిల్ వచ్చేస్తుంది. బయట గెలవడానికి ఖర్చయ్యే శక్తి, సొంత ఊళ్లో గెలవడానికి అయ్యేదానికన్నా చాలా ఎక్కువ. దూరాలు కూడా చూడాలి, కీవ్ నుంచి ఒక వారం యెరెవాన్, ఇంకో వారం తాష్కెంట్. ఈ ‘బయటి నమూనా’ను లొబనోవ్‌స్కీ దాచుకోలేదు, బాహాటంగా సమర్థించాడు.

1977 పట్టిక తీయండి. డైనమో కీవ్: 30 మ్యాచ్‌లు, 14 గెలుపులు, 15 డ్రాలు, 1 ఓటమి, 43 పాయింట్లు, ఛాంపియన్. కాగితం మీది నమూనాకు రెండు పాయింట్ల దూరం.

మర్నాటి ఏడాదే, 1978లో, లీగ్ డ్రాలకు పరిమితి పెట్టింది. 8 డ్రాల వరకే పాయింటు, తొమ్మిదో దాని నుంచి సున్నా. తర్వాత దాన్ని 10 చేశారు, చాలా ఏళ్లు ఉంచారు. ఆ నియమం ఒక్క కీవ్ కోసమే అనలేం, లీగంతా డ్రాల జబ్బుతో ఉంది. కానీ జబ్బుకు ఫార్ములా రాసింది మాత్రం ఈయనే. దీన్ని నేను ఆయన ఖాతాలో మైనస్‌గానే రాస్తా. టికెట్ కొనుక్కుని వచ్చిన యెరెవాన్ ప్రేక్షకుడికి పాయింట్ల ఆదా లెక్క ఎందుకు?

పాతస్కోర్‌కార్డు · 11

మైనస్‌ల మాట వచ్చింది కాబట్టి 1976 చెప్పాలి. అసలు ఆ ముందు ఏడాది ఎంత ఎత్తులో ఉన్నారో చూడండి. 1975 మే 14న బాసెల్‌లో ఫెరెన్స్‌వారోష్‌ను 3-0తో ఓడించి కప్ విన్నర్స్ కప్ (ఒనిషెంకో రెండు, బ్లోఖిన్ ఒకటి). సోవియట్ జట్టుకు అది మొదటి యూరప్ కప్. ఆ శరదృతువులో సూపర్ కప్‌లో బయర్న్ మ్యూనిక్ మీద అక్కడ 1-0, కీవ్‌లో 2-0. మూడు గోల్స్ బ్లోఖిన్‌వే. ఏడాది చివర బాలన్ డోర్ (యూరప్ ఉత్తమ ఆటగాడి అవార్డు) బ్లోఖిన్‌కు. డైనమోనే దాదాపు జాతీయ జట్టు చేసేశారు, కోచ్‌లూ వాళ్లే.

తప్పు ఇక్కడే మొదలైంది. 1976లో సోవియట్ లీగ్‌ను వసంతం, శరత్తు అని రెండు విడి టైటిళ్లుగా చీల్చారు. ముఖ్య ఆటగాళ్లను మాంట్రియల్ ఒలింపిక్స్, యూరో (దేశాల జట్ల యూరప్ ఛాంపియన్‌షిప్) క్వార్టర్‌ఫైనల్, యూరోపియన్ కప్‌ల కోసం అట్టిపెట్టి, వసంత లీగ్‌లో చాలావరకు రెండో వరస ఆటగాళ్లను దింపారు. అదే సమయంలో శిక్షణ భారం పెంచారు. సోవియట్ సీజన్ మార్చి నుంచి నవంబరు దాకా. యూరప్ కప్‌ల క్వార్టర్‌ఫైనల్స్ మార్చిలోనే వస్తాయి, అంటే శీతాకాలపు విరామం అవగానే పోటీ వేడి లేని కాళ్లతో ఆడాలి. భారం మోసిన శరీరం కోలుకోవడానికి వారాలు కావాలి, ఆ వారాలు క్యాలెండర్‌లో లేవు.

ఫలితం: మార్చిలో ఫ్రాన్స్ క్లబ్ సెంటెతియెన్‌ను సింఫెరోపోల్‌లో 2-0తో ఓడించి ఫ్రాన్స్‌కు వెళ్లారు. అక్కడ ఒక క్షణంలో తలకిందులైంది. బ్లోఖిన్ ఒక్కడే గోల్ వైపు దూసుకుపోయాడు, పక్కన ఒనిషెంకో ఖాళీగా ఉన్నాడు. పాస్ ఇవ్వలేదు. లోపెజ్ వెంటాడి బంతి లాక్కున్నాడు, అదే ఊపులో అవతలి చివర ఎర్వే రెవెల్లీ గోల్ కొట్టేశాడు. చివరికి అదనపు సమయంలో 0-3. యూరోలో చెకోస్లోవాకియా చేతిలో ఓటమి. ఒలింపిక్స్ సెమీస్‌లో తూర్పు జర్మనీ మీద 1-2, బ్రెజిల్‌ను 2-0తో ఓడించి కంచు పతకంతో తిరుగు ప్రయాణం. వసంత లీగ్‌లో ఎనిమిదో స్థానం.

ఆటగాళ్లు తిరగబడ్డారు. ఈ భారం మా వల్ల కాదన్నారు. ఆ గొడవలో బాజిలెవిచ్ వెళ్లిపోయాడు, లొబనోవ్‌స్కీ నిలబడ్డాడు. పదిహేనేళ్లకు పైగా కిందట కార్నర్ దగ్గర మొదలైన జోడీ అక్కడ విడిపోయింది.

మధ్యరేఖ · 12

సెంటెతియెన్‌లో ఆ బ్లోఖిన్ పరుగు మీద ఒక మాట. కోలిషన్ సిద్ధాంతం ఎందుకో అర్థం కావాలంటే ఆ పది సెకన్లు చాలు. ఒకడు సొంతంగా నిర్ణయించుకున్నాడు, జట్టు కొంప మునిగింది.

ఎడమకాలు · 13

సరే, 1986 మే 2, లియోన్. కప్ విన్నర్స్ కప్ ఫైనల్, అట్లెటికో మాడ్రిడ్ మీద 3-0. చెర్నోబిల్ పేలి ఆరు రోజులు. ఐదో నిమిషంలో జవరోవ్ మొదటి గోల్. మధ్యలో ఎనభై నిమిషాలు చూడక్కర్లేదని చెప్పను కానీ, 85వ నిమిషం దగ్గర ఆపి ఆపి చూడండి.

ఎడమవైపు రాట్స్ బంతితో లోపలికి వస్తాడు. బెలానోవ్‌కు ఇస్తాడు. బెలానోవ్ ఆపకుండా కుడికి, యెవ్‌తుషెంకోకు. యెవ్‌తుషెంకో తల తిప్పి చూడడు. చూడకుండానే ఇంకా కుడికి తోస్తాడు. అక్కడ ఎవరూ లేరనుకుంటాం, బ్లోఖిన్ వస్తాడు, ముందుకొచ్చిన కీపర్ ఫిల్లోల్ మీదుగా మెల్లగా ఎత్తి వేస్తాడు. విసనకర్ర విప్పినట్టు ఎడమ చివరి నుంచి కుడి చివరికి బంతి జరిగిపోయింది. మూడు నిమిషాల తర్వాత యెవ్‌తుషెంకో మూడోది.

గాలితగ్గినబంతి గారూ, సృజన ఎక్కడ అన్నారు కదా. యెవ్‌తుషెంకో చూడకుండా ఇవ్వగలిగింది మైదానంలో కాదు, అంతకు ముందు నెలల తరబడి శిక్షణలో. గోడ మీది కాగితమే ఆ పాస్ అయింది. అక్కడ పదేళ్ల కిందట పాస్ ఇవ్వని బ్లోఖిన్, ఇక్కడ ఎవరో ఇస్తారని నమ్మి ఖాళీ చోటుకు పరిగెత్తిన బ్లోఖిన్. ఒకే మనిషి.

గాలితగ్గినబంతి · 14

ఈ పోలిక బాగా కుదిరింది, ఒప్పుకుంటా. జాతీయ జట్టు సంగతి మాత్రం ఒప్పుకోను. అంత సైన్స్ పెట్టుకుని ఒక్క పెద్ద కప్ లేదు.

పాతస్కోర్‌కార్డు · 15

నిజమే, లేదు. అయితే ఓటములన్నీ ఒక రకం కావు, వేరు చేసి చూడాలి.

1983 నవంబరు, లిస్బన్. డ్రా చాలు యూరో 84కు. పోర్చుగల్‌తో 0-1. శలానాను పడగొట్టింది పెనాల్టీ బాక్స్ బయట, రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, జొర్దావ్ కొట్టాడు. లొబనోవ్‌స్కీ పదవి పోయింది. 1984లో డైనమోకు తిరిగొచ్చాడు, ఆ ఏడు పదో స్థానం. అప్పుడే తీసేసి ఉంటే మనం ఈ థ్రెడ్ రాసుకునేవాళ్లం కాదు. 1985లో లీగ్, కప్ రెండూ.

1986 మెక్సికో. జట్టును అర్హతకు తెచ్చింది ఎదువార్ద్ మలొఫెయెవ్. ‘నిజాయతీ ఫుట్‌బాల్’ అనేవాడు, లొబనోవ్‌స్కీ లెక్కలకు సరిగ్గా ఎదురు. ప్రపంచకప్‌కు వారాల ముందు ఆయన్ని తీసి లొబనోవ్‌స్కీని పెట్టారు. సగానికి పైగా కీవ్ ఆటగాళ్లే కాబట్టి కొత్తగా నేర్పాల్సింది తక్కువ. హంగరీ మీద 6-0. ఫ్రాన్స్‌తో 1-1. రెండో రౌండ్‌లో బెల్జియం చేతిలో అదనపు సమయంలో 3-4. బెలానోవ్ హ్యాట్రిక్ చేసినా పోయింది. కూలెమన్స్ గోల్ ఆఫ్‌సైడ్ గొడవ ఇప్పటికీ ఆరలేదు. బెలానోవ్‌కు ఆ ఏడు బాలన్ డోర్ వచ్చింది.

1988 యూరో అతని జాతీయ జట్టు శిఖరం. గ్రూప్‌లో నెదర్లాండ్స్ మీద రాట్స్ గోల్‌తో 1-0, ఇంగ్లండ్ మీద 3-1, సెమీస్‌లో ఇటలీ మీద 2-0. ఆ ఇటలీ మ్యాచ్ ప్రెసింగ్‌కు పాఠ్యపుస్తకం. ఇటలీ డిఫెండర్లు తల ఎత్తి చూసే లోపలే బంతి పోయేది. ఫైనల్లో మళ్లీ నెదర్లాండ్స్, ఈసారి 0-2. ఖులిట్ తల, వాన్ బాస్టెన్ వాలీ. బెలానోవ్ పెనాల్టీని వాన్ బ్రూకెలెన్ ఆపాడు. డిఫెన్స్‌లో కుజ్‌నెత్సోవ్ కార్డుల వల్ల ఆడలేదు. కోలిషన్‌లో ఒక లంకె మారితే ఎంత తేడా వస్తుందో వాన్ బాస్టెన్ దగ్గర ఖాళీ చూస్తే తెలుస్తుంది.

లెక్కలపుస్తకం · 16

చిన్న చేర్పు. 1986 బెల్జియం మ్యాచ్ రిఫరీ స్వీడన్ ఎరిక్ ఫ్రెడ్రిక్‌సన్. 1990లో నేపుల్స్‌లో అర్జెంటీనా మ్యాచ్‌లో గోల్‌లోకి పోతున్న బంతిని మరదోనా చేత్తో ఆపినా పెనాల్టీ ఇవ్వని రిఫరీ కూడా ఆయనే. ఆ మ్యాచ్ 0-2.

కానీ 1990ని రిఫరీ మీద తోసేయడం తప్పు. అంతకుముందే రొమేనియాతో 0-2 ఓడారు. కామెరూన్‌ను 4-0తో ఓడించినా గ్రూప్‌లో ఆఖరు. అసలు కారణం వేరు. 1988 తర్వాత గేట్లు తెరిచారు. జవరోవ్ యువెంటస్‌కు, దసాయెవ్ సెవీయాకు, బెలానోవ్ జర్మనీకి, హిదియతూలిన్ ఫ్రాన్స్‌కు. ఏడాదంతా ఒకే శిబిరంలో ఉంచి నూరిన కదలికలు, మనుషులు నాలుగు దేశాల నుంచి రెండు వారాల ముందు వస్తే ఎలా పనిచేస్తాయి? అతని పద్ధతికి ముడిసరుకు ప్రతిభ కాదు, కలిసి గడిపే రోజులు.

కార్నర్‌జెండా · 17

గల్ఫ్ ఏళ్ల గురించి ఎవరూ రాయరు ఎందుకో.

పాతస్కోర్‌కార్డు · 18

రాయడానికి తక్కువ. 1990 నుంచి ఎమిరేట్స్ జట్టు, 1992 ఆసియా కప్‌లో నాలుగో స్థానం. తర్వాత కువైట్, 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో కంచు. రోజుకు మూడు పూటల శిక్షణ అక్కడి ఎండలో, అక్కడి అలవాట్లలో కుదిరే పని కాదు. ఈలోగా దేశమే మారిపోయింది.

మధ్యరేఖ · 19

తిరిగొచ్చాక చూడండి. 1997 మొదలు డైనమో కీవ్. ఛాంపియన్స్ లీగ్‌లో అక్టోబరు 22న కీవ్‌లో బార్సిలోనా మీద 3-0. రెండు వారాల తర్వాత నవంబరు 5న కాంప్ నౌలో 4-0. మొదటి సగంలోనే షెవ్‌చెంకో మూడు, రెండో సగంలో రెబ్రోవ్ ఒకటి. ఎదుటి జట్టుకు బంతి ఇచ్చి, మధ్యగీత దగ్గర లాక్కుని, మూడు పాస్‌లలో గోల్. సగం ప్రెసింగ్ కావాలంటే ఆ మ్యాచ్.

1999లో అదే పోటీలో రియల్ మాడ్రిడ్ మీద అక్కడ 1-1, కీవ్‌లో 2-0. రెండూ షెవ్‌చెంకోవే. సెమీస్‌లో బయర్న్ మీద కీవ్‌లో 3-1 దాకా పోయి 3-3 చేసుకున్నారు. మ్యూనిక్‌లో బాస్లర్ ఒక్క గోల్, 0-1. ఆ 3-1 నుంచి 3-3 వరకు ఉన్న అరగంటే నాకు బాధ. గేరు తగ్గించాల్సిన చోట తగ్గించలేదు, కాళ్లు ఖాళీ అయ్యాయి. ఆ వేసవిలో షెవ్‌చెంకో మిలాన్‌కు, లుజ్నీ ఆర్సెనల్‌కు. మర్నాడు రెబ్రోవ్ టాటెనమ్‌కు. కలిసి గడిపే రోజులు మళ్లీ మొదటికొచ్చాయి.

లెక్కలపుస్తకం · 20

‘మర్నాడు’ కాదు సార్, మర్నాటి ఏడు, 2000లో. 😄

చివరి ముక్క నేను పెడతా. 2000లో ఉక్రెయిన్ జాతీయ జట్టు కూడా తీసుకున్నాడు. 2001 నవంబరులో జర్మనీతో ప్లేఆఫ్, కీవ్‌లో 1-1, డార్ట్‌మండ్‌లో 1-4. ప్రపంచకప్ పోయింది. 2002 మే 7న జపొరోజ్యెలో మెతలుర్గ్‌తో మ్యాచ్ జరుగుతుండగా బెంచి దగ్గరే మెదడుపోటు వచ్చింది. మే 13న పోయాడు. కీవ్‌లో డైనమో స్టేడియానికి అతని పేరు పెట్టారు, పక్కనే విగ్రహం. నిలబడి కాదు, బెంచి మీద కూర్చుని. మ్యాచ్ చూస్తూ లోలకంలా ముందుకూ వెనక్కూ ఊగే అలవాటు తెలిసినవాళ్లకు ఆ విగ్రహం ఊగకపోవడమే వింతగా ఉంటుంది.

2003లో మిలాన్‌తో ఛాంపియన్స్ లీగ్ గెలిచాక షెవ్‌చెంకో ఆ పతకాన్ని బైకొవె శ్మశానంలో అతని సమాధి దగ్గరికి తీసుకెళ్లాడు.

కార్నర్‌జెండా · 21

అందరికీ ధన్యవాదాలు. టైటిల్ ప్రశ్న మాత్రం తేలలేదు. మధ్యరేఖ గారు కాదన్నారు, ఎడమకాలు గారు ఏదో దాచుకున్నారు.

ఎడమకాలు · 22

దాచుకోలేదు, మూడో పోస్టులోనే పెట్టా. మధ్యరేఖ గారు చెప్పిన 1964 వింగర్ గీత పక్కన ఎదురుచూసేవాడు, అతనికి చోటు లేదు, ఒప్పుకున్నా. కానీ కార్నర్ దగ్గరున్న మనిషి వేరు. దూరం, తిరుగుడు, వేగం ముందే లెక్కేసుకుని, బంతి తాకని బాజిలెవిచ్ పరుగును తన దెబ్బలో కలుపుకున్నవాడు. కోచ్‌గా అతను చేసింది ఆ కార్నర్‌ను 90 నిమిషాలకు సాగదీయడం. ఆ సగం మనిషికి చోటిచ్చేవాడు.

మధ్యరేఖ · 23

సగం మనిషికి అంటే సబ్‌స్టిట్యూట్‌గా. కార్నర్ పడినప్పుడు దింపేవాడేమో.

గాలితగ్గినబంతి · 24

నాకు ఇప్పుడు మ్యాచ్‌లు చూడాలనుంది. వరస చెప్పండి, తొంభై తొంభై నిమిషాలు చూసే ఓపిక లేదు.

ఎడమకాలు · 25

1988 ఇటలీ సెమీస్ మొదటి 20 నిమిషాలు: బంతిని వదిలేసి ఇటలీ డిఫెండర్ల ముఖాలు చూడండి. 1997 కాంప్ నౌ మొదటి సగం మొత్తం. 1986 ఫైనల్ 85వ నిమిషం: మొదటిసారి బంతితో పాటు చూడండి. రెండోసారి వీడియోను రాట్స్ కాలి దగ్గరికి జరిపి, బంతిని చూడకుండా తెర కుడి అంచున బ్లోఖిన్ ఎప్పుడు కనిపిస్తాడో చూడండి.

గాలితగ్గినబంతి · 26

చూశా. నాలుగుసార్లు. యెవ్‌తుషెంకో నిజంగానే తల తిప్పలేదు.